మన కుర్రాళ్లను మనమే ఆపుదాం

సర్పంచ్ ఎన్నికలకు నోటిఫికేషన్ పడిందంటే మన ఊళ్లలో రాత్రుళ్లకు కొత్త పని పుడుతుంది. పగలంతా ఇంటింటికీ తిరిగి దండాలు పెట్టి, పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్ల కాళ్లకు మొక్కినవాళ్లే పొద్దుపోయాక నలుగురు కుర్రాళ్లను పోగేస్తారు. బండ్లలో పెట్రోలు పోయించి పంపుతారు. తెల్లారేసరికి రచ్చబండ దగ్గర కట్టిన ఫ్లెక్సీలో అభ్యర్థి ముఖం ఉండాల్సిన చోట బ్లేడుతో కోసిన కన్నం ఉంటుంది. రెండు రోజుల కింద పెయింటర్‌ని పిలిచి రాయించిన గోడరాత మీద వాడేసిన ఇంజనాయిలు చారలు చారలుగా కారి ఉంటుంది. ప్రచారం ఆటో చక్రాల్లో గాలి ఉండదు, మైకు వైరు మూడు ముక్కలై పడి ఉంటుంది. టీకొట్టు దగ్గర కొందరు నవ్వుకుంటారు. "కుర్రకారు కదా, ఎలక్షన్ల టైము, మామూలే" అని పెద్దమనుషులు తేల్చేస్తారు.

అన్నల్లారా, అక్కల్లారా, ఆ "మామూలే" అనే దగ్గరే ఊరు చేజారిపోతోంది. పేపర్లో మర్నాడు వార్త వస్తుంది, "గుర్తు తెలియని వ్యక్తుల పని" అని. వెయ్యి గడపల ఊళ్లో మనకు గుర్తు తెలియనివాడు ఎవడండీ? రాత్రి పదకొండుకు సందులోంచి వెళ్లిన బండి ఎవరిదో చప్పుడును బట్టి చెప్పగలిగినవాళ్లం. ఆ కుర్రాడు ఎవరి కొడుకో తెలుసు, ఎవరు పంపారో తెలుసు, ఎవరి కళ్లంలో కూర్చుని తాగి బయల్దేరాడో కూడా తెలుసు. తెలిసీ నోరు మెదపం, వాడు మనవాడు కాబట్టి. అవతలి పక్షంవాడు చేస్తే స్టేషన్ మెట్లెక్కుతాం. మనవాడు చేస్తే భుజం తడతాం.

కాబట్టి నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ప్రతి పక్షమూ తనవాళ్లను తానే ఆపాలి. ఎదుటి పక్షం కుర్రాళ్ల మీద కాపలా కాయడానికి ఎంత శ్రమపడుతున్నామో, మన కుర్రాళ్లను ఇంటి పట్టున ఉంచడానికి అంత శ్రమపడాలి. మన వైపు నుంచి ఏదైనా పాడైతే దాన్ని మనమే, పట్టపగలు, అందరూ చూస్తుండగా బాగుచేయాలి. ఇది ఏ పార్టీ కూడా తన కార్యకర్తలకు నేర్పని పని. ఊరే నేర్చుకోవాలి.

ఇంతకీ ఈ ఎన్నిక మనకు ఊరికే రాలేదు. పార్లమెంటు 1992లో ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు ఐదేళ్లకోసారి ఎన్నికలు జరిపి తీరాలని, అందుకు ప్రతి రాష్ట్రానికీ విడిగా ఎన్నికల సంఘం ఉండాలని అందులోనే రాశారు. అంత గట్టిగా రాసుకున్నాక కూడా మనం ఎంతకాలం ఎదురుచూశామో గుర్తు చేసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరిపోతే, మళ్లీ ఓటు వేసింది 2021 ఫిబ్రవరిలో. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదటికల్లా పాలకవర్గాలు దిగిపోతే, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో. ఆ మధ్యంతా ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రావు. వీధిదీపం కాలిపోతే ఎవరి చొక్కా పట్టుకోవాలో తెలియలేదు. చెత్త ట్రాక్టరులో డీజిల్‌కు పంచాయతీ కార్యదర్శులు సొంత జేబులోంచి పెట్టుకున్న ఊళ్లున్నాయి. అన్నాళ్లు కాసుకుని కూర్చుని సంపాదించుకున్న ఎన్నికను, రెండు వారాల ప్రచారాన్ని, బ్లేడుకూ ఇంజనాయిలుకూ అప్పగించేస్తామా?

పంచాయతీ బ్యాలెట్ మీద పార్టీ గుర్తులు ఉండవు. ఉంగరం, కత్తెర లాంటివే ఉంటాయి. వార్డుకు వందో రెండు వందలో ఓట్లు. ఒక్క ఓటుతో గెలిచినవాళ్లు, ఓట్లు సమానమైతే లాటరీలో గెలిచినవాళ్లు ప్రతిసారీ కనిపిస్తారు. తోడికోడళ్లు ఒకరి మీద ఒకరు నిలబడతారు, బాబాయి మీద అబ్బాయి నిలబడతాడు. చట్టం చేసినవాళ్లు పార్టీని ఊరి గుమ్మం బయట ఉంచాలనుకున్నది ఇందుకే. ఓడినవాడూ గెలిచినవాడూ రేపు ఒకే చేను గట్టు మీద నడవాలి, ఒకే కాలవ నీళ్లు వంతులేసుకుని పెట్టుకోవాలి, ఒకే పెళ్లి పందిట్లో విస్తరి ముందు కూర్చోవాలి. అసెంబ్లీ ఎన్నికల్లో అభ్యర్థి మనకు ఎప్పుడో ఒకసారి కనిపించే మనిషి. ఇక్కడ మనం చించేది పక్కింటివాడి బొమ్మ.

ఆ ఫ్లెక్సీని కాస్త దగ్గరగా చూడండి. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్లవని 2011లోనే చట్టం చేసుకున్నాం. అలా వచ్చిన రిజర్వేషన్‌లో నిలబడ్డ ఒక పొదుపు సంఘం సభ్యురాలిని తలచుకోండి. జీవితంలో ఆమె దిగిన ఫోటోలు పెళ్లిలోవి, ఆధార్ కోసం దిగినవి. ఇప్పుడు మండల కేంద్రంలో స్టూడియోకి వెళ్లి, పట్టుచీర కట్టుకుని, చేతులు జోడించి దిగింది. ఆ ఫోటో తన నిలువెత్తున తయారై ఊరి మొగదల నిలబడితే, పక్కన ఆమె పేరు, కింద గుర్తు. తన పేరు ముందు భర్త పేరు లేకుండా రాసి ఉండటం ఆమె మొదటిసారి చూస్తోంది. మర్నాడు పొద్దున పాలకేంద్రానికి వెళ్తూ చూస్తే ఆ ముఖానికి మార్కర్‌తో మీసాలు గీసి ఉంటాయి. కింద రాయకూడని మాట ఒకటి రాసి ఉంటుంది. బడికి వెళ్లే పిల్లలు దాన్ని పైకి చదివి నవ్వుతుంటారు, వాళ్లలో ఆమె కొడుకు కూడా ఉంటాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. "నువ్వు ఇంట్లో ఉండు, తిరగడం నేను చూసుకుంటా" అంటాడు భర్త. ప్రేమతోనే అంటాడు. అక్కడితో అయిపోయింది. ఆమె గెలిచినా, కుర్చీలో ఆయనే కూర్చుంటాడు. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది. "ఆడవాళ్లు బయటికి రారండీ, మొగుళ్లే నడిపిస్తారు" అని తర్వాత ఐదేళ్లు మనమే వెక్కిరిస్తాం. బయటికి రానివ్వకుండా చేసిన ఆ మార్కర్ గీతను మాత్రం ఎవరూ గుర్తు పెట్టుకోరు. రాజ్యాంగం ఇచ్చిన స్థానాన్ని ఇరవై రూపాయల మార్కర్‌తో లాక్కున్నారు. ఇది తమాషా అని ఎవరైనా నా ముందు అంటే నేను ఒప్పుకోను.

అదే దళితవాడ నుంచి నిలబడ్డ అభ్యర్థి విషయంలో జరిగితే దాని బరువు ఇంకా ఎక్కువ. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, ఓటు వేయకుండా, నామినేషన్ వేయకుండా, పోటీలో ఉండకుండా బెదిరించడాన్నీ అడ్డుకోవడాన్నీ నేరాల్లో స్పష్టంగా రాశారు. అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేసి పారిపోయేవాడు ఊళ్లో రెండు వీధుల మధ్య నిప్పు పెట్టి పోతున్నాడు. దాన్ని ఆర్పడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి రాత్రి తర్వాత పాఠశాలలో పిల్లలు విడిగా కూర్చున్న ఊళ్లు, కూలికి పిలవడం మానేసిన ఊళ్లు, ఆటో ఎక్కనివ్వని ఊళ్లు మన మధ్యే ఉన్నాయి.

ఇక చేతబడి తమాషా. దీని గురించి పెద్దవాళ్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు గనుక నేను గట్టిగానే చెప్పాలి. అభ్యర్థి గుమ్మం ముందు, లేకపోతే అతను రోజూ నడిచే మూడుదారుల కూడలిలో, అర్ధరాత్రి నాలుగు నిమ్మకాయలు కోసి పెడతారు. పసుపు, కుంకుమ చల్లుతారు. పిండితో మనిషి బొమ్మ చేసి మేకులు గుచ్చుతారు. పెట్టినవాడికి మంత్రమూ రాదు, నమ్మకమూ లేదు. ఎదుటివాణ్ణి భయపెట్టాలి, నాలుగు ఓట్లు జారాలి, అంతే. కానీ ఆ ఇంట్లో పసిపిల్లకు ఆ వారం జ్వరం వస్తే? ముసలాయన పడిపోతే? అప్పుడు పెట్టిన కుర్రాళ్ల మీదికి ఎవరూ పోరు. ఊరి చివర ఒంటరిగా ఉండే ఏ వితంతువు మీదికో, నాటు మందులిచ్చే ఏ ముసలాయన మీదికో చూపు తిరుగుతుంది. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కట్టేసి కొట్టిన, పళ్లు రాలగొట్టిన, ప్రాణాలు తీసిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. ఆ చరిత్ర తెలిసిన ఊళ్లో నిమ్మకాయ పెట్టినవాడు ఆట ఆడుతున్నాడని ఎలా అనుకుంటాం? తెల్లారి అది కనబడగానే ఊరిపెద్ద, బడి మాస్టారు, అవతలి పక్షం అభ్యర్థి ముగ్గురూ కలిసి అక్కడికి రావాలి. తమ చేతుల్తో ఎత్తి పారేయాలి. ఆ గుమ్మంలోనే కూర్చుని కాసేపు మాట్లాడి, టీ తాగి వెళ్లాలి. అంతమంది ముందు తీసేసిన దానికి ఇక భయపెట్టే శక్తి ఉండదు.

చిల్లర పని చిల్లరగా ఆగిపోతుందని నమ్మేవాళ్లు రాయలసీమ రైతును అడగండి, పల్నాడు రైతును అడగండి. ఫ్లెక్సీ చించినందుకు జవాబుగా గడ్డివాము తగలబడుతుంది. పశువులకు ఎండాకాలమంతా మేత పోతుంది. గడ్డివాముకు జవాబుగా బోరు దగ్గర స్టార్టరు పగులుతుంది, డ్రిప్పు పైపులు కోసేసి ఉంటాయి. దానికి జవాబుగా చీనీ తోటలో గొడ్డలి దిగుతుంది. చీనీ మొక్క పెట్టి కాపు కళ్లచూడాలంటే నాలుగైదేళ్లు పడుతుంది. అన్నేళ్లూ బోర్లు వేసి, ట్యాంకర్లతో నీళ్లు తోలి బతికించుకున్న చెట్లవి. ఒక పదవీకాలమంత వయసున్న తోటను ఒక్క రాత్రిలో నరికేసి "రాజకీయం" అంటారు. చెట్టుది ఏ పార్టీ అని అడిగే నాథుడే లేడు. ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు "వాళ్లు ముందు చేశారు" అన్నారు. మొదటి మెట్టు మీద, అది ఇంకా ఫ్లెక్సీ దగ్గర ఉన్నప్పుడే, తనవాణ్ణి చెయ్యి పట్టి వెనక్కి లాగే మనిషి ఒక్కడుంటే తోట మిగిలేది.

పోలింగ్ రోజున ఇదే అలవాటు పెట్టె దాకా పోతుంది. పంచాయతీ ఎన్నికల్లో మనం వేసేది బ్యాలెట్ పెట్టెలోనే. అందులో నీళ్లు పోసేవాళ్లు, ఇంకు పోసేవాళ్లు, పెట్టెనే ఎత్తుకుని పొలాలకు అడ్డంపడి పరిగెత్తేవాళ్లు ఉంటారు. రీపోలింగ్ పెడితే, కూలీ పోగొట్టుకుని మళ్లీ వరసలో నిలబడాల్సింది మనమే. అసెంబ్లీ ఎన్నికలకు యంత్రాలు వచ్చినా ఈ జబ్బు పోలేదు. 2024 మే 13న పల్నాడు జిల్లా రెంటచింతల మండలం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను ఎత్తి నేలకేసి కొట్టడం వెబ్‌కాస్టింగ్ కెమెరాకు చిక్కింది, దేశమంతా చూసింది. ఆ జిల్లా పేరు చెబితే నాగార్జునకొండ, పలనాటి వీరుల కథ గుర్తుకు రావలసింది పోయి ఆ వీడియో గుర్తుకొచ్చేలా అయింది. తెలుగువాళ్లందరికీ తలవంపులు తెచ్చిన రోజది.

తమ్ముళ్లారా, ఇప్పుడు మీతో మాట్లాడాలి. మిమ్మల్ని తిట్టడానికి కాదు. మిమ్మల్ని పంపుతున్నవాళ్లు మీకు చెప్పని సంగతులు చెప్పడానికి.

ఎదుటివాడి సొత్తు పాడుచేయడం భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద నేరం. నష్టం లక్ష రూపాయలు దాటితే ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. బస్ షెల్టర్, బడి గోడ, మంచినీళ్ల ట్యాంకు, పంచాయతీ బోర్డు పాడుచేస్తే 1984 నాటి ప్రజా ఆస్తుల నష్టం నివారణ చట్టం ఉంది. దానికింద కూడా ఐదేళ్ల దాకా శిక్ష. నిప్పు పెడితే పదేళ్ల దాకా. శిక్ష పడకపోయినా కేసు చాలు మిమ్మల్ని కూర్చోబెట్టడానికి. కానిస్టేబుల్ పరీక్షలో పరుగు పందెం గెలిచి, రాతపరీక్ష గట్టెక్కి, చివర అటెస్టేషన్ ఫారం దగ్గరికి వస్తారు. మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా అని అందులో అడుగుతారు. ఉందంటే ఒక చిక్కు, దాచి దొరికితే అంతకంటే పెద్ద చిక్కు. గల్ఫ్‌కు పోదామని పాస్‌పోర్టుకు పెట్టుకుంటే, కేసు నడుస్తుండగా కోర్టు అనుమతి తెచ్చుకోమంటారు. కేసు నడిచే ఏళ్లలో ప్రతి వాయిదాకీ పని మానుకుని, సొంత డబ్బుతో బస్సెక్కి వెళ్లాల్సింది మీరే. మిమ్మల్ని పంపిన పెద్దాయన అప్పటికి పార్టీ మారి, మీరు ఎవరి ఫ్లెక్సీ చించారో ఆయన పక్కనే కూర్చుని ఫోటో దిగుతుంటాడు. మీ అందరికీ తెలిసిన ఊళ్లోనే జరిగి ఉంటుంది ఇది, మనసులో పేర్లు కూడా మెదులుతూ ఉండవచ్చు.

ఒక సంగతి గమనించండి. ఏ నాయకుడూ ఆ రాత్రి బండి మీద సొంత కొడుకును పంపడు. వాడు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చదువుకుంటూ ఉంటాడు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం మీకేం కావాలి?

మీ బలం అక్కర్లేదని నేననడం లేదు. ఊరికి మీ బలమే కావాలి. వీల్‌చైర్ మీద ఓటరును బూత్‌కు తీసుకెళ్లేదెవరు? వలసపోయినవాళ్లకు ఫోన్ చేసి రప్పించేదెవరు? ఓటరు జాబితాలో పేరు గల్లంతైన ముసలమ్మ కోసం బీఎల్వో చుట్టూ తిరిగేదెవరు? గత ఐదేళ్ల పంచాయతీ ఖర్చుల లెక్క గ్రామసభలో అడగగలిగేదెవరు? పద్దెనిమిదేళ్లకే ఓటు ఇచ్చిన దేశం, ఇరవై ఒకటి నిండితే సర్పంచ్‌గా పోటీ చేయమంది. బ్లేడు పట్టుకున్న చేయి నామినేషన్ పత్రం పట్టుకోవచ్చు.

అభ్యర్థులారా, ఇక మీ వంతు. ఎన్నికల ప్రవర్తన నియమావళి 1960లో కేరళ ఎన్నికల్లో మొదలై దేశమంతా పాకింది. అందులో ఒక వాక్యం ఉంది, ఎవరూ పట్టించుకోని వాక్యం. ఒక పక్షం అంటించిన పోస్టర్‌ను మరో పక్షం కార్యకర్తలు తొలగించకూడదని. ఇంటి యజమాని అనుమతి లేకుండా గోడ మీద రాయకూడదని, జెండా కట్టకూడదని కూడా ఉంది. సంక్రాంతికి సున్నం వేయించుకున్న గోడ ఒక ఒంటరి అవ్వకు ఉన్న ఒకే ఒక్క ఆడంబరం కావచ్చు. "మన అవ్వే కదా" అని రాసేస్తే ఆమె ఎవరికి చెప్పుకుంటుంది? అడగండి. వద్దంటే నవ్వుతూ వెనక్కి రండి. రాసినచోట ఎన్నికలయ్యాక మీ డబ్బుతోనే సున్నం వేయించండి. గోడలూ బహిరంగ ప్రదేశాలూ పాడుచేయకూడదని 1997లోనే మన ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చిందని గుర్తుపెట్టుకోండి.

అంతకంటే ముఖ్యం, మీ ఇంటి అరుగు మీద రాత్రి పది దాటాక ఏం మాట్లాడుకుంటున్నారో మీ బాధ్యత. "నాకు తెలియకుండా చేశారండీ" అనే మాట సర్పంచ్ కాబోయే మనిషి నోట రాకూడదు. నలుగురు కుర్రాళ్లను రెండు వారాలు అదుపులో పెట్టలేనివారు ఊరిని ఐదేళ్లు ఎలా నడుపుతారని నేనైతే అడుగుతాను. మీరూ అడగండి, ఓటరన్నలూ, మీ గుమ్మం తొక్కిన ప్రతి అభ్యర్థినీ అడగండి. మీ పక్షంవాళ్లు పక్కవాళ్ల ఫ్లెక్సీ చించితే మీరేం చేస్తారు? జవాబులో తడబాటు ఉంటే అర్థం చేసుకోండి.

ఇప్పుడు ఫోన్లో జరిగే విధ్వంసం ఫ్లెక్సీ చించడం కన్నా ముందుకుపోయింది. ప్రచారం ముగిసిన రాత్రి "ఫలానా ఆయన పోటీ నుంచి తప్పుకున్నాడట" అని ఒక వాయిస్ మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆడ అభ్యర్థి ముఖాన్ని వేరే ఒంటికి అతికించిన ఫోటో వస్తుంది. ఆ మనిషి తెల్లారి బయటికి వచ్చి ఎవరికి వివరణ ఇచ్చుకోగలదు? అభ్యర్థి నడవడి గురించి అబద్ధమని తెలిసీ ప్రచారం చేయడం న్యాయ సంహిత 175వ సెక్షన్ కింద నేరం. ఇక్కడ నేను దుబాయిలో, మస్కట్‌లో, డాలస్‌లో ఉన్న మన అన్నదమ్ములతో కూడా చెప్పాలి. ఊరి గ్రూపుల్లో మీ మాటకు విలువ ఎక్కువ, మీరు పంపేది ఊరు నమ్ముతుంది. సొంతూరి ఎన్నికకు డబ్బు పంపుతారు, సంతోషం. కానీ అక్కడి నుంచి మీరు ఫార్వర్డ్ చేసిన ఫోటో వల్ల ఇక్కడ తలలు పగిలితే, ఆస్పత్రిలో కూర్చునేది మీ అమ్మానాన్నే. మీ గ్రూపులో మీ పక్షంవాడు అలాంటిది పెట్టిన నిమిషంలో "తీసెయ్ తమ్ముడూ" అని అందరి ముందూ రాయండి. మీరు రాస్తే తీస్తాడు.

ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులవాళ్లు, అవతలివారిని కించపరిచే బొమ్మ ఎవరు తెచ్చినా వేయమని చెప్పేయండి. అమ్మలూ, రాత్రి పదింటికి కొడుకు బండి తాళం తీస్తే ఎక్కడికని అడగండి. రెండు వారాలు ఆ తాళం మీ కొంగున కట్టుకోండి. ఈ ఎన్నికలో మీ చేతిలో ఉన్న తాళం పోలీసుల చేతిలోని లాఠీ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఫలితాల రోజు గురించి విడిగా చెప్పాలి. పంచాయతీలో పొద్దున పోలింగ్, మధ్యాహ్నం దాటాక లెక్కింపు, అదే రోజు ఫలితం. ఆవేశం చల్లారడానికి ఒక్క రాత్రి కూడా దొరకదు. గెలిచిన పక్షం డప్పులతో, గులాల్‌తో బయల్దేరుతుంది. ఊరంతా తిరిగి సరిగ్గా ఓడిన అభ్యర్థి గుమ్మం ముందుకు వచ్చాక ఆ ఊరేగింపు కదలదు. అక్కడే టపాసులు పేలతాయి, అక్కడే చిందులు పడతాయి, అక్కడే ఎవరో గేటు మీద రాయి విసురుతారు. మన ఊళ్లలో తలలు పగిలిన కొట్లాటలు ఎన్నో ఆ గుమ్మం ముందు మొదలైనవే. గెలిచినవారు ఊరేగింపు దారిని ముందే నిర్ణయించి, ఆ వీధిలో డప్పు ఆపమని చెప్పాలి. గెలిచిన మనిషి ఒక్కడే, దండ తీసి చేతిలో పట్టుకుని, ఓడిన మనిషి ఇంట్లోకి వెళ్లాలి. "రేపటి నుంచి గ్రామసభలో మీరే నన్ను అడగాలి" అని చెప్పి రావాలి. ఓడినవారు తలుపు తీయాలి. ఇద్దరికీ కష్టమే. అయినా చేయాలి, ఊరు చూస్తుంది గనుక, పిల్లలు చూస్తున్నారు గనుక.

ఇదంతా నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. అప్పటికే పక్షాలు తేలిపోయి ఉంటాయి, మాట మింగుడుపడదు. ఇప్పుడే, ఎవరు నిలబడతారో ఇంకా తేలని రోజుల్లోనే, పంచాయతీ ఆఫీసు ముందు కూర్చోండి. పెద్దవాళ్లూ, పొదుపు సంఘాలవాళ్లూ, యువజన సంఘం కుర్రాళ్లూ, అన్ని వాడల నుంచీ రండి. ఒక తెల్లకాగితం మీద మూడు మాటలు రాసుకోండి. మా పక్షంవాడు పాడుచేస్తే మా పక్షమే బాగుచేస్తుంది. చించిన ఫ్లెక్సీ స్థానంలో మర్నాటి సాయంత్రంలోగా చించినవారి ఖర్చుతో కొత్తది కట్టాలి, కట్టేటప్పుడు చించినవారి పక్షం అభ్యర్థి దగ్గరుండాలి. ఏ పక్షం కుర్రాణ్ణయినా స్టేషన్‌కు పిలిస్తే ముందు రెండు పక్షాల పెద్దలూ కలిసి వెళ్లాలి, తప్పు ఉంటే కలిసే ఒప్పించాలి. ప్రతి వీధి నుంచీ ఇద్దరు బాధ్యులను పేర్లతో రాయండి. రాసినదాన్ని గుడి మైకులో, మసీదు మైకులో, చర్చి మైకులో చదివించండి. నామినేషన్లు వేసిన రోజు ఆ కాగితం కింద అభ్యర్థులందరి చేతా సంతకాలు పెట్టించి, పంచాయతీ నోటీసు బోర్డు మీద, ఓటరు జాబితా పక్కనే అంటించండి.